మోయగలిగినంత దూరమే వెళ్లాలి

మా అక్క కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఈ అక్టోబరులో కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకు రావాలని వాడికి మనసు పుట్టింది. కొనవలసిన సామాన్ల పట్టిక ఒకటి రాసుకుని, "పిన్నీ, ఏమైనా మరిచిపోయానేమో ఒకసారి చూసి చెప్పు" అంటూ నాకు పంపాడు. పట్టిక బాగా పొడుగ్గా ఉంది. రైఫిల్, దాని మీద బిగించే స్కోపు, దూరం కొలిచే పరికరం, బైనాక్యులర్, ఒకదాని మీద ఒకటి వేసుకోవడానికి మూడు రకాల కోట్లు, ఆడ ఎల్క్ గొంతును అనుకరించే పీకలు, గుడారం, పొయ్యి. తూటా పేలిన తర్వాత పనికొచ్చే వస్తువు మాత్రం అందులో ఒక్కటే ఉంది, చాకు.

వాడిని తప్పు పట్టను. వేట గురించి జనం చెప్పుకునే కబుర్లు దాదాపు అన్నీ తూటా పేలడంతోనే ముగుస్తాయి. ఆ తర్వాత రెండు రోజులు ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నేను మా పక్కింటి దంపతులతో కలిసి వేటకు వెళతాను. ఇద్దరూ ఉద్యోగ విరమణ చేసినవారు, చిన్నప్పటి నుంచి ఈ కొండల్లో తిరిగినవారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదాన్ని బట్టి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఎల్క్ వేటకు ఏర్పాట్లు చివరి నుంచి మొదలుపెట్టాలి. ముందు ఇంట్లో ఫ్రీజర్ సంగతి చూసుకోవాలి. ఆపైన కారులో ఐసు పెట్టెలు, ఆపైన వీపు మీద మోత, అన్నిటికంటే చివర రైఫిల్. అడవిలో ఎంత లోపలికి వెళ్లాలన్నది అక్కడి నుంచి మాంసాన్ని చెడకుండా బయటికి తేగలమా అన్న లెక్కతోనే తేలాలి. తేలేమని తెలిసిన చోట ఎల్క్ ఎదురుగా వచ్చి నిలబడినా ట్రిగ్గర్ మీద వేలు వేయకూడదు.

ఇది అతిజాగ్రత్త అనేవారున్నారు. వాళ్ల మాటలోనూ కొంత నిజముంది, అక్కడికి వస్తాను.

యాభై ఆరు కిలోమీటర్ల లెక్క

ఎదిగిన మగ ఎల్క్ సుమారు 320 కిలోలు తూగుతుంది, ఆడది 225 దాకా. మగదాని నుంచి ఎముకలన్నీ తీసేశాక ఇంచుమించు 90 కిలోల మాంసం చేతికొస్తుంది. ఆఫీసు కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఆ కొండ దారిలో, తన సామాను కాకుండా, ఒక్కో విడతకు 22, 23 కిలోలు మోయగలిగితే గొప్పే. అంటే నాలుగు మోతలు. కారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. బరువుతో నాలుగుసార్లు బయటికి రావాలి, మధ్యలో మూడుసార్లు ఖాళీగా వెనక్కి వెళ్లాలి. ఏడు నడకలు, యాభై ఆరు కిలోమీటర్లు. అదే మూడు కిలోమీటర్ల దూరంలో కొట్టి ఉంటే ఇరవై ఒకటి. ఇద్దరు మనుషులై చెరి రెండు మోతలు మోస్తే ఎనిమిది కిలోమీటర్ల దారి కూడా ఒక్కొక్కరికి ఇరవై నాలుగుకు దిగుతుంది.

ఇది కాగితం మీది లెక్క. పది వేల అడుగుల ఎత్తులో ఈ లెక్క ఇంకా బరువెక్కుతుంది. డాలస్ సముద్రమట్టానికి కొద్ది వందల అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి తెల్లారే కొండెక్కేవాడికి తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తే ఆశ్చర్యం లేదు. ఎనిమిది వేల అడుగులు దాటాక ఈ బాధ ఎవరికైనా రావచ్చు, ఒంట్లో బలానికీ దీనికీ సంబంధం లేదు. రెండు రోజులు ముందుగా వచ్చి, ఒళ్లు ఆ గాలికి అలవాటు పడ్డాక ఎక్కాలి. సెలవులు తక్కువ కదా అని ఈ రెండు రోజులనే కోసేసుకునేవారిని చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

ఊళ్లో ఉండగా చేసే సాధన కూడా ఈ మోత కోసమే కావాలి. జిమ్‌లో పరుగెత్తే యంత్రం మీద గంట సేపు పరుగెత్తడం మంచిదే, కానీ మోకాళ్ల మీద అసలు భారం పడేది బరువుతో వాలు దిగేటప్పుడు. నీళ్ల క్యాన్లు వీపు సంచిలో పెట్టుకుని మెట్లెక్కి, దిగేటప్పుడు మోకాళ్లకు శ్రమ ఎందుకని పైనే నీళ్లు పారబోసి రావడం చాలామందికి అలవాటు. మొదట్లో అది సరే. వేటకు నెల ముందు నుంచయినా బరువుతోనే దిగడం కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవాలని నేనంటాను. ఇంకో మాట. వీలైనంత వరకు కారు ఆపిన చోటుకంటే ఎగువన వేటాడాలి. పొద్దున్నే హాయిగా లోయలోకి దిగిపోయి, సాయంత్రం తొంభై కిలోల మాంసాన్ని అక్కడి నుంచి పైకి లాగవలసి రావడం కంటే పెద్ద శిక్ష లేదు.

బండి మీద లాగుదామనుకుంటే, 1964 నాటి చట్టం కింద విల్డర్‌నెస్‌గా, అంటే మనిషి జోక్యం లేకుండా కాపాడవలసినవిగా ప్రకటించిన అడవుల్లో చక్రం తిరగకూడదు. కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ లాంటి చోట్లకు మోటారు బండినే కాదు, చేత్తో లాగే తోపుడు బండిని కూడా తీసుకెళ్లకూడదు. గుర్రాలవాళ్లు ఉన్నారు. అయితే కొట్టిన తర్వాత ఫోను చేస్తే వాళ్లు మన కోసం కాచుకుని కూర్చోరు. వేటకు ముందే మాట్లాడుకుని, ఎక్కడికి రాగలరో, ఎన్ని గంటల్లో రాగలరో, ఎంత తీసుకుంటారో తేల్చుకోవాలి.

పైన మంచు, లోపల ఉడుకు

"అక్టోబరులో అక్కడ చలే కదా పిన్నీ, మాంసం ఎందుకు పాడవుతుంది?" అని మా వాడు అడిగాడు. అందరూ అడిగేదే.

ఒకసారి మాంసం కోసి పొట్లాలు కట్టి ఇచ్చే దుకాణంలో వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందున్నాయన రెండు వెనక తొడలు బల్ల మీద పెట్టాడు. చూడడానికి చక్కగా ఉన్నాయి, పైపొర గాలికి ఆరి ముదురు ఎరుపులో మెరుస్తోంది. దుకాణం ఆయన ఏమీ మాట్లాడకుండా సన్నని చాకు తీసుకుని, తొడ ఎముక వెంబడే తుంటి కీలు దాకా గాటు పెట్టి, రెండు వేళ్లతో విడదీశాడు. వంగి వాసన చూశాడు. పక్కకు జరిగి, నువ్వే చూడమన్నట్టు చేయి చూపించాడు. కీలు చుట్టూ కండ బూడిద రంగుకు తిరిగి, అంచుల్లో పచ్చబారింది. ఆ పులిసిన వాసన మూడడుగుల వెనక ఉన్న నా దాకా వచ్చింది. "రాత్రి గడ్డకట్టే చలి. పొద్దున చూస్తే కారు అద్దం మీద మంచు పేరుకుంది" అంటూనే ఉన్నాడు మాంసం తెచ్చినాయన. సాయంత్రం కొట్టి, పేగులు మాత్రం తీసి, తోలు వలవకుండా జంతువును అలాగే వదిలి గుడారానికి వెళ్లి పడుకున్నాడట.

ఎల్క్ తోలు దాన్ని మంచు తుపానులో కూడా వెచ్చగా ఉంచడానికి పుట్టింది. ప్రాణం పోయినంత మాత్రాన ఆ తోలు తన పని మానదు. తొడ కండ మందం, లోపల పెద్ద ఎముక, వాటి మధ్య చిక్కుకున్న ఒంటి వేడి. బయట ఎంత చలి ఉన్నా ఆ వేడి గంటల తరబడి కదలదు. కొట్టిన వెంటనే తోలు వలవాలి, కాళ్లు విడదీయాలి, తొడను ఎముక దాకా తెరవాలి. గాలాడే పలుచని గుడ్డ సంచుల్లో వేసి నీడలో కొమ్మకు వేలాడదీయాలి. కొమ్మ దొరకకపోతే దుంగల మీద పరచి కింది నుంచి కూడా గాలి తగిలేలా చూడాలి. ప్లాస్టిక్ సంచుల్లో వేస్తే వేడినీ తేమనీ లోపలే మూటకట్టినట్టు. నాలుగు డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి ఎంత త్వరగా దిగితే అంత మంచిది.

మన ఊళ్లల్లో దసరాకు మేకను కోసి పోగులు వేయడం చూసినవారికి ఇదేమంత కష్టమనిపించవచ్చు. అక్కడ పది చేతులుంటాయి, బిందెల కొద్దీ నీళ్లుంటాయి, వేలాడదీయడానికి చెట్టు కొమ్మ ముందే చూసి పెట్టి ఉంటుంది. ఇక్కడ నిలబడితే జారిపోయే వాలు, తలకు కట్టుకున్న దీపం, వేళ్లు కొంకర్లు పోయే చలి. మేం ముగ్గురం కలిసి కూడా జంతువును ఇటు నుంచి అటు తిప్పలేం. అందుకే పొట్ట చీల్చకుండా ఒక పక్క తోలు వలిచి, ఆ పక్క ముందు కాలు, వెనక కాలు, వెన్ను వెంబడి మెత్తని కండ తీసేసి, అప్పుడు తేలికపడ్డ దాన్ని రెండో పక్కకు దొర్లిస్తాం. పక్కింటావిడ పైకాలికి తాడు కట్టి చెట్టుకు బిగించి పట్టుకుంటేగాని చాకు ఆడదు. లోపలి మెత్తని కండలు చివర్లో నడుము దగ్గర నుంచి చెయ్యి పెట్టి తీయాలి. అది మగదో ఆడదో తెలిపే భాగాన్ని ఒక కాలికి అంటి ఉండనివ్వాలి. కోసేసి దారిలో దొరికిపోతే జరిమానా తప్పదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం కూడా కొలరాడోలో నేరమే.

ఆ చట్టం ఊరికే రాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి కొలరాడోలో ఎల్క్‌లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మాంసం అమ్ముకునేవారు, తోళ్లు అమ్ముకునేవారు కొట్టినవి కొన్ని. ఎల్క్ పైదవడలో ఏనుగు దంతంలాంటి రెండు పళ్లుంటాయి. వాటిని గడియారపు గొలుసులకు తగిలించుకోవడం ఆ రోజుల్లో ఒక హోదా. ఆ రెండు పళ్ల కోసం అంత జంతువును చంపి, మిగతాదంతా వదిలేసిన రోజులున్నాయి. 1913, 14లలో యెల్లోస్టోన్ నుంచి ఎల్క్‌లను తెచ్చి ఎస్టెస్ పార్క్ ప్రాంతంలో వదలవలసి వచ్చింది. ఈ రోజు రాష్ట్రంలో సుమారు 2,80,000 ఎల్క్‌లున్నాయి, దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఆ చరిత్ర తెలిశాక, కొమ్ములున్న తలను ముందు వీపున వేసుకుని "మాంసం రేపు తెస్తాం" అంటూ ఎండలో దిగి వచ్చేవారు దారిలో ఎదురైతే నా ఒళ్లు మండుతుంది. రేపు నిజంగా తెస్తారేమో. అయినా మొదటి మోత కొమ్ములది కాకూడదు.

దగ్గర్లో ఎల్క్ ఉంటుందా?

నా వాదనకు ఎదురు నిలిచే మాటల్లో బలమైనది ఇది. వేట కాలం మొదలైన రోజున రోడ్ల వెంట వేటగాళ్ల నారింజ రంగు కోట్లు కనబడగానే ఎల్క్‌లు దట్టమైన అడవిలోకో, కంచె వేసిన ప్రైవేటు భూముల్లోకో జారుకుంటాయి. మూడు కిలోమీటర్లు గీత గీసుకుని కూర్చుంటే ఎల్క్ తోక కూడా కనబడదు. అసలు ఇక్కడ ఎల్క్ వేటకు వెళ్లిన అయిదుగురిలో సుమారు ఒకరికే జంతువు దొరుకుతుంది. నలుగురు ఖాళీ చేతులతో తిరిగొచ్చే పనికి మాంసం మోసే సన్నాహం ఎందుకు, ఆ శ్రమేదో వెతకడం మీద పెట్టవచ్చు కదా?

ఎల్క్‌లు దూరంగా పోతాయన్నది నిజం, నేను కాదనను. అయితే నేను గీసే గీత ఇన్ని కిలోమీటర్లని కాదు. ముగ్గురుంటే గీత దూరం జరుగుతుంది, గుర్రాలు సిద్ధంగా ఉంటే ఇంకా దూరం. సెప్టెంబరు ఎండలో దగ్గరికొస్తుంది, నవంబరు మంచులో మళ్లీ దూరం జరుగుతుంది. పొద్దున ఎనిమిదింటికి ఒకచోట ఉంటే సాయంత్రం అయిదింటికి ఇంకోచోట ఉంటుంది. పైగా జనం వెళ్లని చోటు అంటే దూరపు చోటే అనుకోవడం పొరపాటు. అందరూ కారులో దాటిపోయే నిట్టనిలువు వాలు, రోడ్డుకు కిలోమీటరు పైన ముళ్లపొదల వెనక చిన్న నీటి చెలమ, ఇలాంటివి మ్యాపు ముందు కూర్చుని వెతికితే దొరుకుతాయి. మేం ఎల్క్‌లను ఎక్కువగా చూసింది అలాంటి చోట్లే.

అయిదుగురిలో ఒకరికే దొరుకుతుందన్న మాటకు నా జవాబు వేరు. తీసుకున్న లైసెన్సు ఆ ఒక్క అవకాశం కోసమే. అది వచ్చిన రోజున చేతిలో గుడ్డ సంచీ లేదంటే వెళ్లడమే తప్పు.

ఇంత గట్టిగా చెబుతున్నా, ఒక సాయంత్రం గురించి నా మనసు ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చడానికి అనుమతి ఉంటుంది. ఆ అరగంటలో ఇంకా పది నిమిషాలు మిగిలి ఉండగా, వాగుకు అవతలి గట్టున ఒక పెద్ద మగ ఎల్క్ చెట్ల మధ్య నుంచి బయటికి వచ్చి అడ్డంగా నిలబడింది. దూరం మా పక్కింటి పెద్దాయన సాధన చేసినంతలోనే ఉంది, గాలి మా వైపు వీస్తోంది. ఆయన స్కోపులోంచి చాలాసేపు చూశాడు. ఎల్క్‌ను చూస్తున్నాడనుకున్నాను. నిజానికి ఆ గట్టును చూస్తున్నాడు. బెరడు పురుగు పట్టి చచ్చిన పైన్ మానులు నడుం ఎత్తున ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఖాళీగా పగటిపూట దాటడానికే గంట పట్టే చోటు. రైఫిల్ దించి, తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. "అది అక్కడే పడుతుందని నాకు హామీ ఎవరిస్తారు? నాలుగడుగులు వాగులోకి దొర్లితే రేపు మధ్యాహ్నానికి గాని బయటికి తేలేం" అన్నాడు.

ఆ ట్యాగ్ కోసం, అంటే కొట్టిన జంతువుకు కట్టే అనుమతి చీటీ కోసం, ఆయన ఏళ్ల తరబడి లాటరీకి దరఖాస్తులు పెట్టాడు. మర్నాడు ఆ గట్టున ఏమీ లేదు. ముగ్గురం ఉన్నాం, దీపాలున్నాయి, తాడుంది, రాత్రి చలి కూడా ఉంది. తెల్లవార్లూ కష్టపడి ఉంటే తెచ్చేవాళ్లమేమో అని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. అయితే ఇలా తూచి చూసినప్పుడల్లా నేను ఆయన పక్షానికే వస్తాను. తేగలమేమో అన్న "ఏమో" మన శ్రమకు సంబంధించినదైతే సాహసం చేయవచ్చు. ఇక్కడ ఆ "ఏమో"కు మూల్యం చెల్లించేది ఎల్క్.

గురి సాధన కూడా ఈ లెక్కలోకే వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఒక పెద్ద పళ్లెమంత. బల్ల మీద ఆనించి గురి కుదరడం ఒక ఎత్తు, మెట్టెక్కి ఆయాసపడుతూ మోకాలి మీద కూర్చుని కుదరడం ఇంకో ఎత్తు. గాయపడిన ఎల్క్ ఎప్పుడూ కిందికే, ఇంకా చిక్కని పొదల్లోకే పోతుందని పెద్దాయన అంటాడు. అలాంటప్పుడు మాంసం, జంతువు రెండూ పాడైనట్టే.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. మా వాడికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని, తూటాలుగాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ ఒక్కసారి పట్టుకోవడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. వకీలును అడగకుండా ఫైరింగ్ రేంజికి కూడా వెళ్లవద్దు.

కొట్టకుండా ఉండవచ్చు కదా

మనవాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పుట్టి పెరిగిన నాలాంటివాళ్లకు వేట అంటే నేరం, అంతే. నల్లమలలో దుప్పిని కొట్టినవాడి వార్త పేపర్లో చదివితే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. ఇక్కడ పరిస్థితి వేరు. ఏ ప్రాంతంలో ఎన్ని ఎల్క్‌లు ఉండవచ్చో లెక్కగట్టి లైసెన్సులు ఇస్తారు, వాటి డబ్బుతోనే అడవి జంతువుల శాఖ చాలావరకు నడుస్తుంది. ఈ సమాధానం నిజమే, కానీ ఒక్కటే సరిపోదని నాకు తెలుసు. శాఖకు డబ్బు కావాలంటే విరాళం ఇవ్వవచ్చు. నేను తినే మాంసం ఎలా బతికిందో, ఎలా చచ్చిందో చూసి, దాని బరువు నా వీపు మీద మోసి తెచ్చుకోవాలన్నది నా కారణం. మాంసం ముట్టనివారికి ఇది కారణంగా కనబడదు. వాళ్లతో వాదించను, ఆ పట్టింపు మీద నాకు గౌరవముంది. కోడికూర తింటూ అడిగేవారితో మాత్రం వాదిస్తాను.

ఈ కారణానికి కూడా ఒక గండముంది. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం పెంచుతున్న జింకల్లో ఒక జబ్బు మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత అది అడవి జింకల్లో, ఎల్క్‌లలో కూడా కనబడింది. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీను వల్ల వచ్చే, మెదడును తినేసే జబ్బు. మనుషులకు సోకినట్టు ఇప్పటి వరకు దాఖలా లేదు. అయినా జబ్బు ఉన్న ప్రాంతాల్లో కొట్టినదాన్ని పరీక్ష చేయించమని, ఉందని తేలితే ఆ మాంసం తినవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. ప్రెషర్ కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ రానిచ్చినా ఆ ప్రియాన్ నశించదు. మెదడు, వెన్నుపాము ఉన్న భాగాలను చాలా రాష్ట్రాలు తమ సరిహద్దు లోపలికి రానివ్వవు. డాలస్ దాకా తీసుకెళ్లేవాడు ఇక్కడే ఎముకలు పూర్తిగా తీయించుకోవడం మంచిది. రెండు రోజులు మోసి తెచ్చిన 90 కిలోలనూ ఒక్క కాగితం చూసి పారేయవలసి రావచ్చు. అలా జరిగితే నా వాదన ఏమవుతుందని మా వాడు అడిగాడు. మంచి ప్రశ్న. పరీక్షకు ఇవ్వాలన్నా ముందు దాన్ని కొండ దింపాలి కదా అన్నాను. అంతకు మించిన జవాబు నా దగ్గర లేదు.

కాబట్టి మాంసం ఇంటికి చేరగానే చుట్టాలకు, స్నేహితులకు పంచిపెట్టవద్దు. ఫ్రీజర్‌లో దానికి సరిపడా చోటు ముందే ఖాళీ చేసి ఉంచుకోవాలి. ఒక్కో పొట్లం మీద ఏ కండో, ఏ తేదీ కొట్టినదో, ట్యాగ్ నంబరు ఎంతో చెరగని సిరాతో రాయాలి. దుకాణంలో కోయిస్తే మన మాంసాన్ని ఇంకొకరి దానితో కలిపి కైమా కొట్టవద్దని ముందే చెప్పాలి. జబ్బు లేదని ఫలితం వచ్చాక ముందుగా పిక్క మాంసం పులుసు పెట్టండి. సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉడకాలి, కొవ్వు తక్కువ కాబట్టి నూనె కాస్త ధారాళంగా పడాలి. వెన్ను వెంబడి మెత్తని కండకు మసాలా కూడా అక్కర్లేదు, ఉప్పు, మిరియాల పొడి చాలు.